నీళ్ళకు పద్దు లేదు

కొత్త రాష్ట్రం పుట్టి, కర్నూలు రాజధాని అయ్యి, రాజధానికి గోడలు చాలక గుడ్డ డేరాలు వేసుకున్న ఆ తొలి ఏడాదిలో సర్కారువారు ఒక మహాసత్యాన్ని కనిపెట్టారు: మందు వేరు, నీళ్ళు వేరు. అంతకుముందు లోకమంతా ఈ రెంటినీ కలిపి తాగేస్తూ అజ్ఞానంలో బతికింది. వైద్యులు అంతంత చదువులు చదివి ఏం లాభం, ఒక్కరికైనా ఈ సంగతి తట్టలేదు. తట్టాలంటే ముందు డేరా కావాలి, డేరాలో బల్ల కావాలి, ఆ బల్ల మీదికి ఆత్మకూరు నుంచి ఒక బిల్లు రావాలి.

ఆ బిల్లు పంపిన మహానుభావుడు మందుల షాపు ప్రేమయ్య.

ప్రేమయ్య మిషను ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చుకొని, ఆత్మకూరులో బస్సులు నిలిచే చోట చిన్న షాపు పెట్టుకున్నాడు. అరల నిండా గోధుమరంగు సీసాలు, బల్ల మీద కల్వం, తక్కెడ, కొలగ్లాసు, గోడకు బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు. ఆదివారం గుడికి, మిగతా వారమంతా జ్వరాలకు. అన్నీ బాగానే ఉన్నాయి గాని, మనిషికి ఒక జబ్బుంది. అబద్ధమాడలేడు. ఎవరైనా వచ్చి "నాకు తగ్గుతుందా?" అని అడిగితే, తగ్గదనుకుంటే తగ్గదనే చెప్తాడు. ఇందువల్ల కొందరు గిరాకీలు భయపడి మంత్రగాడి దగ్గరికి పోయారు.

"ఇన్ని సీసాలు పెట్టుకున్యావు. నీ జబ్బుకు ఒక్క చుక్క వేసుకోగూడదా?" అని భార్య జీవమ్మ దెప్పేది.

"దానికి మందు రాలేదు జీవమ్మా ఇంగా" అనేవాడు ప్రేమయ్య. ఆ మాటా నిజమే.

ఆ రోజుల్లో మందుకు పోయేవాళ్ళు సీసా ఇంటి నుంచే తీసుకుపోవాలి. ప్రేమయ్య దాన్ని వేడినీళ్ళతో కడిగి, మిక్చరు పోసి, తెల్లకాగితం ముక్కకు అంచున కత్తెరతో గాట్లు కొట్టి, మైదాపిండి జిగురుతో సీసాకు అంటించేవాడు. ఒక గాటుకు ఒక పూట. అక్షరం ముక్క రానివాడు కూడా గాటు చూసి తాగుతాడు. ఇంకో పట్టింపు కూడా ఉండేది. రోగి ఉన్న ఇంటికి సీసా ఖాళీగా తిరిగి రాకూడదు. ఖాళీగా వస్తే ఆ ఇంట్లో ఇక మందుకు పనిలేదని అర్థం. షాపు మూసి ఉన్నా సరే, ఆ వైపు ఆడవాళ్ళు పక్కింట్లో ఇంత మజ్జిగతేట అయినా పోయించుకొనిగాని ఇల్లు చేరేవాళ్ళు కాదు.

ఇంతకీ మిక్చరు అంటే ఏమిటి? చిటికెడు మందు, సీసా నిండా నీళ్ళు. మందు కర్నూలు టోకు వ్యాపారి దగ్గర నుంచి వస్తుంది. నీళ్ళు గంగక్క నెత్తి మీద వస్తాయి. ఆ వీధి బావుల్లో ఉప్పునీళ్ళు. వాటిలో మందు కలిపితే విరిగిన పాలలాగా ముక్కలై తేలుతుంది. మంచినీళ్ళ బావి ఊరవతల గుట్ట దాటినాక ఉంది. గంగక్క అక్కడికి పోయి, చేదుకొని, బిందె మీద బిందె పెట్టుకొని వస్తుంది. బిందెకు ఇంతని ఇవ్వాల్సిందే. జొన్నలకు ధర ఉన్నట్టే నీళ్ళకూ ధర ఉండడం ఆ నేల మీద ఎవరికీ వింత కాదు.

ఇక పథకం సంగతి. ఊళ్ళోని ధర్మాసుపత్రికి రాష్ట్రం విడిపోయినప్పటి సామాన్ల పంపకాలు ఇంకా తెగలేదు. బీరువా వచ్చింది, బీరువాలోకి రావలసినవి రాలేదు. డాక్టరుగారు రోజూ బీరువా తెరిచి, చూసి, మూసి, చీటీ రాసి ఇచ్చేవారు. ఇది చూసి సర్కారువారు దయతలచి 'నిరుపేద రోగుల మిక్చరు పథకం' పెట్టారు. చీటీ తెచ్చిన పేదవాడికి ఊళ్ళోని షాపువాడు ఊరికే మిక్చరు ఇవ్వాలి. ఆ ఖర్చు కర్నూలులోని మందుల మరుచెల్లింపు శాఖ షాపువాడికి యథాసమయమున తిరిగి ఇస్తుంది. (యథాసమయము అనగా ఏ సమయమో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. అది తన నివేదికను యథాసమయమున సమర్పిస్తుంది.)

మొదటి చీటీ తెచ్చింది సుంకులమ్మ. ఆమె మొగుడు చిన్న ఈరన్న నల్లమలలో వెదుర్లు కొట్టడానికి పోయి చలిజ్వరం మోసుకొచ్చాడు. దినం మార్చి దినం అది వచ్చి మనిషిని ఊపి పోతోంది.

"మూడు కంబళ్ళు కప్పినా గడగడ వణుకుతాండాడన్నా" అంది సుంకులమ్మ, కొంగులోంచి సీసా తీసి బల్ల మీద పెడుతూ. "మంచం కోళ్ళు టకటక కొట్టుకుంటాండాయి. పక్కింటోళ్ళు మేము జొన్నలు దంచుతాండామని అనుకున్యారంట."

"ఏం భయంల్యా. క్వినైను మిక్చరు ఇస్తా. విడవకుండా తాగితే దిగుతాది. నడాన మానితే మాత్రం మల్ల మొదటికే వస్తాది, చెప్తాండా."

"శానా చేదంట గదా?"

"చేదుంటేనే దాంట్లో మందు ఉండాదని లెక్క. ఏరోజన్నా చేదు లేకపోతే వచ్చి నన్నడుగు."

సుంకులమ్మ సీసా గుండెకు పొదువుకొని పోయింది. నెల తిరిగేసరికి అట్లాంటి చీటీలు ప్రేమయ్య షాపులో తోరణం కట్టేటన్ని అయ్యాయి. ఆయన కూర్చొని బిల్లు రాశాడు. క్వినైను ఇంత. దాన్ని కరిగించే ద్రావకం ఇంత. నీళ్ళు ఇంత.

జీవమ్మ భుజం మీది నుంచి తొంగి చూసింది. "నీళ్ళు గూడా రాస్తాండావా?"

"కొన్న్యా గదా."

"కొన్న్యావులే. దాన్ని క్వినైనులో కలిపి రాయి. మిక్చర్లో కలపలా? బిల్లులో కలిపితే ఏమైతాది?"

"మిక్చర్లో కలిపితే మందు జీవమ్మా. బిల్లులో కలిపితే అబద్ధం."

జీవమ్మ నుదురు కొట్టుకొని పొయ్యి దగ్గరికి పోయింది. ప్రేమయ్య బిల్లు మడిచి కవరులో పెట్టాడు. మైదాపిండి జిగురుతో శ్రద్ధగా అంటించాడు కూడా.

జవాబు రావలసిన సమయానికి రాలేదు. మనిషి ఆశ వదులుకున్న సమయానికి వచ్చింది. అందులో ఇట్లా ఉంది: "తమరు పంపిన బిల్లునందు నీళ్ళు అనబడు పదార్థము కనిపించినది. నీళ్ళు ప్రకృతిచే ఉచితముగా సరఫరా చేయబడుచున్నవి. సదరు పదార్థమునకు మూల్యమేల కోరబడినదో సంజాయిషీ చెప్పవలెను. అమ్మినవారి రసీదు జతపరచవలెను. అంతవరకు బిల్లు మొత్తము నిలుపుదల చేయడమైనది."

పాపం, వాళ్ళ తప్పు కూడా ఏం లేదు. ఆ శాఖలో ముప్పాతిక మంది పెద్ద కాలువల పక్కన పుట్టినవాళ్ళు. పెరట్లోకి దిగితే నీళ్ళు, వీధిలోకి దిగితే నీళ్ళు. నీళ్ళు కొన్నానని ఎవడైనా రాస్తే వాళ్ళకు వాడు దొంగ అయినా కావాలి, పిచ్చివాడైనా కావాలి. ఏ సంగతో తేల్చుకోవడానికి ఫైలు తెరిచారు.

ప్రేమయ్య రసీదు కోసం గంగక్కను అడిగాడు. గంగక్క బిందె దించి, తల వంచి, నడినెత్తిన వెంట్రుకలు ఊడి నున్నబడిన చోటు చూపించింది.

"ఇదీ రసీదు. బిందె కింది చుట్టకుదురు వేసిన ముద్ర. కావాలంటే నన్ను కవర్లో పెట్టి పంపీ."

ఈలోగా కర్నూలు టోకు వ్యాపారి అరువు ఆపేశాడు. పాత బాకీ వస్తేనే క్వినైను అన్నాడు. షాపులో క్వినైను సీసా అడుగు కనిపిస్తోంది. చిన్న ఈరన్నకు జ్వరం తెరిపిచ్చింది గాని పూర్తిగా వదలలేదు. ఇప్పుడు మందు ఆగితే ఏమవుతుందో ప్రేమయ్యకు తెలుసు. తెల్లచొక్కా వేసుకొని బస్సెక్కాడు.

రాజధాని డేరాల మధ్య తిరగడానికి ఒక విద్య కావాలి. హోదా పెరిగేకొద్దీ డేరాకు గుంజలు పెరుగుతాయి. తుంగభద్ర మీది నుంచి గాలి కొడితే కాగితాలు ఎగురుతాయి కాబట్టి ప్రతి ఫైలు మీదా ఒక రాయి పెట్టేవాళ్ళు. అత్యవసరమైన ఫైలు చేతికి తొందరగా అందాలని గులకరాయి పెట్టేవాళ్ళు. అందువల్ల అత్యవసరమైనవన్నీ గాలికి పోయాయి. ఎప్పటికీ కదలనక్కరలేని వాటి మీద కడప బండ పెట్టారు. అవి మాత్రం భద్రంగా ఉన్నాయి.

మందుల మరుచెల్లింపు డేరా ముందు బంట్రోతు శేషన్న బీడీ కాలుస్తున్నాడు. ప్రేమయ్య ఊరూ పేరూ చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"ఓహో, నీళ్ళ ప్రేమయ్య నువ్వేనా? నీ ఫైలు లోపల శానా ఫేమస్సప్పా. రెండు బండలు పెట్టినాం దానిమీద."

లోపల సుందరంగారు కూర్చుని ఉన్నారు. ఆయన సెక్షనుకు పెద్ద. పాత రాజధాని నుంచి ఫైళ్ళతోపాటు రైలు దిగిన మనిషి. ఎంతో మర్యాదస్థుడు. ఎదుటివాడి పని చెయ్యకుండా ఉండడంలో ఆయన చూపే మర్యాద, పని చేసిపెట్టేవాళ్ళలో కూడా కనబడదు.

"కూర్చోండి. మీరు పెద్దవారు. మీరిలా రాయవచ్చునా చెప్పండి? నీళ్ళకు డబ్బులా?"

"మా దిక్కు కొనాల్సిందే సార్. బావులన్నీ ఉప్పు."

"ఉండవచ్చు. నేను కాదనడం లేదు. కాని నీళ్ళకు మాకు పద్దు లేదు. పద్దు లేని వస్తువు సర్కారు దృష్టిలో లేనట్టే."

ప్రేమయ్య బల్ల మీది కూజా వైపు చూశాడు. "ఈ కూజాలో నీళ్ళు ఎవురు తెస్తారు సార్?"

"ఒకామెను పెట్టాము. రోజూ పోస్తుంది."

"ఆయమ్మకు దుడ్లు ఇస్తారు గదా?"

"ఇస్తాము. కాని అవి నీళ్ళకు కాదు. సిబ్బంది సౌకర్యాల పద్దు" అన్నారు సుందరంగారు, గ్లాసు ఎత్తి గుటక వేస్తూ. "మీ సమస్యకు నేనొక దారి చెప్తాను. బిల్లులోంచి నీళ్ళు తీసెయ్యండి. మందు ఒక్కటే పొట్లం కట్టి ఇవ్వండి. నీళ్ళు రోగి ఇంట్లో కలుపుకుంటాడు. పొట్లాలకు బిల్లు పంపితే పాత బిల్లు కూడా దాంతోపాటు కదులుతుంది."

ప్రేమయ్యకు ప్రాణం లేచి వచ్చింది. చెయ్యెత్తి దండం పెట్టాడు. తిరిగి వచ్చి, సైకిలు అమ్మి, ఆ డబ్బుతో క్వినైను తెచ్చి పొట్లాలు కట్టాడు. సైకిలు పోతూ పోతూ గంట మోగించింది గాని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

సుంకులమ్మ పొట్లాలు తీసుకుపోయి, ఉన్న నీళ్ళలో కలిపింది. ఆమె ఇంట్లో ఉన్నవి ఉప్పునీళ్ళు. మందు విరిగి తేలింది. చిన్న ఈరన్న అదంతా కక్కేశాడు. మరుసటి దినం మంచం కోళ్ళు మళ్ళీ జొన్నలు దంచాయి.

అటు డేరా నుంచి కూడా జవాబు వచ్చింది. ఈసారి త్వరగానే వచ్చింది. "ఇది మిక్చరు పథకము. తమరు ఇచ్చినది పొట్లము. పొట్లము మిక్చరు కానేరదు. కావున బిల్లు తిరస్కరించడమైనది."

ప్రేమయ్యకు కోపం రావడం జీవమ్మ ఆరోజే చూసింది. ఆయన కోపం వచ్చినా నిజమే రాస్తాడు, అదే వచ్చిన చిక్కు. కూర్చొని పెద్ద సంజాయిషీ రాశాడు. పొట్లం కట్టమన్నది తమ సెక్షనువారే అన్నాడు. మిక్చరులో నీళ్ళే ఎక్కువ, మందు తక్కువ, మా దిక్కు ఆ నీళ్ళు దొరకడమే కష్టం, దయచేసి అర్థం చేసుకోండి అన్నాడు. కట్టె తానే ఇచ్చి కొట్టించుకోవడమంటే ఇదే.

మందుల మరుచెల్లింపు శాఖవారు ఆ కాగితం మీద సమావేశమయ్యారు. ఆ సమావేశంలో ఒక తెలివిగల ఉపాధికారి (మూడు గుంజల డేరా) లేచి ఇలా అన్నాడు: "నీళ్ళే ఎక్కువ అని షాపుదారే ఒప్పుకున్నాడు. కాబట్టి ఇది నీళ్ళు కలిసిన మందు కాదు. మందు కలిసిన నీళ్ళు. నీళ్ళకూ మన శాఖకూ సంబంధం లేదు." అందరూ బల్లలు చరిచారు. రాళ్ళు ఎగిరి పడ్డాయి. ఫైలు ఆ సాయంత్రమే రెండు డేరాల అవతలనున్న చిల్లర నీటివనరుల విభాగానికి బదిలీ అయింది.

చిల్లర నీటివనరుల విభాగంవారు కొత్తగా పుట్టినవాళ్ళు. ఉత్సాహవంతులు. కుంటలూ చెలమలూ లెక్కపెట్టడం వాళ్ళ పని. వాళ్ళ దగ్గర అప్పటికి లెక్కపెట్టడానికి చాలినన్ని కుంటలు లేవు. ఆత్మకూరులో మందుల షాపు రూపంలో ఒక నీటివనరు ఉన్నదని తెలియగానే కొలత గొలుసు, ఎర్రజెండాలు, ఇద్దరు లస్కరు కూలీలతో సహా ఒక ఓవర్సీరును పంపించారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, పని అంత చురుగ్గా సాగింది.

ఓవర్సీరు షాపు గడప ముందు జెండా పాతి, "ఆయకట్టు ఎక్కడ?" అన్నాడు.

"ఆయకట్టు ఏంది సార్?" అన్నాడు ప్రేమయ్య.

"ఈ నీళ్ళు ఎక్కడికి పారుతాయో ఆ భూమి. విస్తీర్ణం కొలవాలి."

"గొంతులోకి పారుతాయి సార్. జ్వరగాండ్ల గొంతులోకి."

"అయితే ఆ గొంతు చూపించు."

అందరూ కలిసి సుంకులమ్మ గుడిసెకు పోయారు. ఆ దినం చిన్న ఈరన్నకు చలి వచ్చే దినం. కంబళ్ళ కింద మనిషి కనబడడం లేదు, వణుకు మాత్రం కనబడుతోంది. లస్కర్లు తల దగ్గర ఒక జెండా, కాళ్ళ దగ్గర ఒక జెండా పట్టుకున్నారు. ఓవర్సీరు గొలుసు పరిచాడు. గొలుసు గలగలమని మంచం మీంచి జారిపోయింది.

"ఓయ్, కదలకు" అన్నాడు ఓవర్సీరు.

"నేను కదలడంల్యా సామీ" అన్నాడు చిన్న ఈరన్న, పళ్ళు కొట్టుకుంటుండగా. "అదే కదిలిస్తాండాది."

మళ్ళీ పరిచారు. మళ్ళీ జారింది. ఓవర్సీరు విసుక్కోలేదు. పుస్తకం తీసి "ఆయకట్టు కంపించుచున్నందున కొలత అసంపూర్తి. నిలకడ వచ్చిన పిమ్మట తిరిగి కొలవవలెను" అని రాసుకున్నాడు. తర్వాత మంచం పక్కనున్న సీసా ఎత్తి, బిరడా తీసి, నీటి నాణ్యత పరీక్షించడానికి ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. అది ప్రేమయ్య ముందురోజు మిగిలిన క్వినైనుతో, గంగక్క నీళ్ళతో, సర్కారు పొట్లం మాట పక్కనబెట్టి కలిపి పంపిన మిక్చరు. ఓవర్సీరు థూ అని గోడకు ఊశాడు.

"ఏమిటిది! నీళ్ళు ఇంత చేదుగా ఉన్నాయేమిటి?"

"అదే సార్ మందు!" అన్నాడు ప్రేమయ్య.

"అది నాకు సంబంధం లేదు. చేదని రాసుకుంటున్నాను."

సుంకులమ్మ అంతసేపూ గుంజను పట్టుకొని నిలబడింది. ఇప్పుడు ముందుకు వచ్చింది. "సామీ, మీరు కొల్చినాక మందు ఇస్తారా?"

"ముందు కొలవనీ అమ్మా" అన్నాడు ఓవర్సీరు, జెండాలు చుట్టించుకుంటూ.

ఆయన గోడకు ఊసిన గుక్క ఒక పూట మందు. 

తుది ఉత్తర్వు రాజముద్రతో వచ్చింది. ప్రేమయ్య దాన్ని జీవమ్మకు పైకి చదివి వినిపించాడు. ఆత్మకూరు ప్రేమయ్య షాపును చిల్లర నీటివనరుగా గుర్తించడమైనదట. అందువల్ల నీళ్ళకు పద్దు ఏర్పడినదట. నీళ్ళ బిల్లు పూర్తిగా మంజూరు అయినదట.

"అబ్బా! నీళ్ళకు ఇస్తామన్న్యారా?" జీవమ్మ నోరు తెరిచింది. "మరి క్వినైనుకు?"

ప్రేమయ్య చదివాడు. "సదరు నీటియందు క్వినైను అనబడు చేదు మలినము కనుగొనబడినది. మలినములకు సర్కారు మూల్యము చెల్లించదు. ఇకమీదట ఈ వనరు నుండి మలినరహితమైన నీటినే సరఫరా చేయవలెను. లేనియెడల షాపు లైసెన్సు రద్దు చేయబడును."

జీవమ్మ ఉత్తర్వును వేలితో పొడిచింది. "పోనీ ఆ నీళ్ళ దుడ్లన్నా వస్తాయి గదా. వాటితో ఇంత క్వినైను తెద్దువు."

ఉత్తర్వులో ఇంకో పేరా ఉంది. నీటివనరు అన్నాక దానికి సర్కారుకు కట్టే నీటి తీరువా ఉంటుంది. మంజూరు అయిన మొత్తమును తీరువా కింద సర్దుబాటు చేసుకోవడమైనది. తేడా ఏమియు లేదు. తమకు రావలసినది లేదు, తమరు ఇవ్వవలసినది లేదు. శుభం.

"వీళ్ళ చేతులు పడిపోనూ!" అంది జీవమ్మ. క్యాలెండరు మీది వాక్యం ఎదుట ఆమె ఎన్నడూ అట్లాంటి మాట అనలేదు. ప్రేమయ్య కూడా వద్దనలేదు.

మరునాడు పొద్దున్నే ప్రేమయ్య టోకు వ్యాపారి దగ్గరికి మనిషిని పంపాడు. పాత బాకీ కట్టందే లేదన్నాడు ఆ వ్యాపారి. మిషను ఆసుపత్రికి పంపాడు. వాళ్ళ దగ్గరా అయిపోయింది, వచ్చే వారం రావచ్చు అన్నారు. క్వినైను సీసాను బోర్లించి కాగితం మీద తట్టాడు. ఏమీ రాలలేదు. అప్పుడే సుంకులమ్మ వచ్చి బల్ల మీద సీసా పెట్టింది.

"అయిపోయిందన్నా."

"సుంకులమ్మా." ప్రేమయ్య ఖాళీ క్వినైను సీసాను పక్కకు జరిపాడు. "మందు లేదు. వారం పడుతాది."

ఆమె సీసాను తీసుకోలేదు. బల్ల మీద అట్లాగే ఉంచి, రెండు చేతులూ దానిచుట్టూ పెట్టింది.

"ఖాళీ సీసాతో ఎట్ల పోదునన్నా ఇంటికి? ఆయప్ప తలుపు దిక్కే చూస్తా ఉంటాడు. ఖాళీగా చూసినాడంటే ఆ చూపుతోనే పోతాడు. ఏదన్నా పొయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏం పోసేది సుంకులమ్మా? నీళ్ళు తప్ప ఏం లేవు."

"నీళ్ళే పొయ్యి."

లోపల జీవమ్మ చెయ్యి కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ప్రేమయ్య లేచాడు. సీసా కడిగాడు. గంగక్క బిందెలోంచి తేటనీళ్ళు ముంచి, వడగట్టి, సీసా మెడదాకా పోశాడు. తెల్లకాగితం చింపి అంచున కత్తెరతో గాట్లు కొట్టాడు. గాట్లు సమానంగా పడలేదు. జిగురు రాసి సీసాకు అంటించి, బొటనవేలితో ఒత్తాడు. సుంకులమ్మ వెనకే తానూ నడిచిపోయాడు. ఆ సీసాతో ఆమెను ఒంటరిగా పంపడానికి ఆయనకు మనసొప్పలేదు.

సీసాను చూడగానే చిన్న ఈరన్న కళ్ళు వెలిగాయి. లేపి కూర్చోబెట్టి ఒక గాటు దాకా తాగించారు. ఆయన మూతి తుడుచుకొని, నాలుక చప్పరించి, ప్రేమయ్య వైపు చూశాడు.

"ఏమన్నా, ఈతూరి చేదు లేదే? మందేనా ఇది?"

చేదు లేకపోతే వచ్చి నన్నడుగు అని ప్రేమయ్య ఒకనాడు అన్నాడు. ఇప్పుడు చిన్న ఈరన్నే అడిగాడు. 

"మందే" అన్నాడు ప్రేమయ్య. "కొత్తరకం. సర్కారోళ్ళు చేదు తీసేసినారు."

"మంచోళ్ళే పాపం" అన్నాడు చిన్న ఈరన్న, మళ్ళీ పడుకుంటూ.

సీసా మీది గాట్లు అయిపోకముందే చిన్న ఈరన్న చచ్చిపోయాడు. ఇందులో వ్యంగ్యమేమీ లేదు. అడవికి పోయి వెదుర్లు కొట్టుకొచ్చి భార్యను పోషించుకునే వయసువాడు, చిటికెడు చేదు దొరక్క చచ్చిపోయాడు. దీన్ని ఇంకో రకంగా చెప్పే విద్య ఈ రాసేవాడికి రాదు.

ఓవర్సీరుగారు మాట తప్పని మనిషి. నిలకడ వచ్చిన పిమ్మట తిరిగి కొలుస్తానన్నవాడు సరిగ్గా ఆరోజే గొలుసుతో వచ్చాడు. పాడె కట్టకముందే తలవైపు ఒక జెండా, కాళ్ళవైపు ఒక జెండా పెట్టించాడు. గొలుసు ఈసారి జారలేదు. "ఆయకట్టు నిలకడగా ఉన్నది. కొలత సంపూర్ణము" అని రాసుకొని, సుంకులమ్మకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. 

తర్వాత రాష్ట్రం పెద్దదైంది. రాజధాని హైదరాబాదుకు పోయింది. గుంజలు పీకారు, డేరాలు చుట్టారు, ఫైళ్ళు లారీలకెక్కాయి. రాళ్ళు మాత్రం కర్నూలులోనే వదిలిపోయారు. శేషన్న నాలుగు కడప బండలు ఇంటికి మోసుకుపోయి బట్టలుతికే చోట వేయించుకున్నాడు.

పోయేముందు సుందరంగారు పథకం ముగింపు నివేదిక కోసం షాపుదారులందరికీ తాఖీదు పంపారు. అందులో ఒకటే ప్రశ్న. "ఈ పథకము వలన తమ షాపునందు ఎంతమందికి జబ్బు నయమైనది?"

ప్రేమయ్య కలం తీసి "ఒకరికి" అని రాసి సంతకం పెట్టాడు. జీవమ్మ భుజం మీది నుంచి తొంగి చూసి, "ఎవురికప్పా?" అంది.

"నాకే" అన్నాడు ప్రేమయ్య.